కొత్త కంప్యూటర్ మొరాయిస్తే లోపం ఎక్కడ?



పెట్టె విప్పి, వైర్లు కలిపి, స్విచ్ వేస్తే కంప్యూటర్ పని చేయాలి కదా, పిల్లల చేతికి రావడానికి ఇన్ని రోజులెందుకు అని కొందరు దాతలు మమ్మల్ని అడుగుతుంటారు. అడగడం న్యాయమే. ఇచ్చిన సొమ్ము ఎక్కడ ఆగిందో తెలుసుకునే హక్కు మీకుంది. చాలాసార్లు అది ఆగేది ఒకే చోట: కొత్త యంత్రంలో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే దగ్గర. అక్కడ ఏం జరుగుతుందో, ఏ వరుసలో సరిచూడాలో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. మీ ఇంట్లోనో దుకాణంలోనో ఇదే ఇబ్బంది వస్తే మీకూ పనికొస్తుంది.

మన ఊళ్ళ దుకాణాల్లో ‘డాస్ ల్యాప్‌టాప్’ అని కొన్ని అమ్ముతారు. వాటిలో విండోస్ ఉండదు. దాని లైసెన్సు ధర కలవదు కాబట్టి కొంత చౌకగా వస్తాయి. నలుగురు పిల్లలకు బదులు అయిదుగురికి సరిపోతాయని మనం అలాంటివే ఎంచుకుంటాం. అయితే వాటిలో విండోసో, ఉబుంటు వంటి లినక్సో మనమే ఎక్కించుకోవాలి.

పాత పెన్‌డ్రైవ్, కొత్త యంత్రం

ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌లో ‘డ్రైవర్లు’ అనే చిన్న ప్రోగ్రాములు ఉంటాయి. డిస్క్‌తో, కీబోర్డుతో, వైఫైతో ఎలా మాట్లాడాలో చెప్పేవి అవే. పెన్‌డ్రైవ్‌లోని కాపీ తయారైన నాటికి ఏ భాగాలున్నాయో వాటి డ్రైవర్లే అందులో ఉంటాయి. ఆ తరవాత వచ్చిన భాగం దానికి తెలియదు. పాత చిరునామాల పుస్తకం పట్టుకుని కొత్త కాలనీలో ఇల్లు వెతికే పోస్ట్‌మాన్ లాంటిది దాని పరిస్థితి. ఇల్లు ఉంది, మనుషులూ ఉన్నారు. పుస్తకంలోనే లేరు.

దీనికి అందరూ చూసిన ఉదాహరణ ఒకటుంది. విండోస్ 7 వచ్చింది 2009లో. అప్పటికి యూఎస్‌బీ 3.0 ఇంకా జనంలోకి రాలేదు కనుక దాని డ్రైవర్ అందులో లేదు. 2015లో ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్లు వచ్చాక పాత యూఎస్‌బీ కంట్రోలర్‌ను తీసేశారు. ఆ యంత్రాల్లో విండోస్ 7 ఎక్కించబోతే మొదటి తెర వచ్చేది, అక్కడ మౌస్ కదిలేది కాదు, కీబోర్డు పలికేది కాదు. మౌస్ చెడిపోయిందని మార్చినవారు ఎందరో. మౌస్ బాగానే ఉంది, డ్రైవర్ లేదు, అంతే.

డిస్క్ కనబడని ల్యాప్‌టాప్

ఈమధ్య ఎక్కువగా ఎదురయ్యేది డిస్క్ సమస్య. 2020లో వచ్చిన ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైస్, పొట్టిగా వీఎండీ, అనే ఏర్పాటు ఉంటోంది. అంతకుముందు ఇది పెద్ద సర్వర్లకే పరిమితం. ప్రాసెసర్‌కూ ఎస్‌ఎస్‌డీ డిస్క్‌కూ మధ్య ఇది తలుపులా నిలబడుతుంది. తలుపు తీసే డ్రైవర్ ఉంటేనే లోపలి డిస్క్ కనబడుతుంది. విండోస్ 10 ఇన్‌స్టాలర్‌లో ఆ డ్రైవర్ లేదు. అందుకే ‘డ్రైవ్‌లేవీ కనబడలేదు, స్టోరేజ్ డ్రైవర్ కోసం లోడ్ డ్రైవర్ నొక్కండి’ అన్న అర్థం వచ్చే సందేశంతో అది ఆగిపోతుంది.

ఈ తెర చూడగానే ‘డిస్క్ పోయింది, మార్చాలి’ అనే మెకానిక్‌లు ఉన్నారు. కొత్త ల్యాప్‌టాప్ వాపసు వెళ్తుంది, వారాలు గడుస్తాయి, వచ్చిన మారు ల్యాప్‌టాప్‌లోనూ అదే తెర వస్తుంది. ఈలోగా పిల్లల బ్యాచ్ ఒకటి కంప్యూటర్ ముట్టకుండానే అయిపోతుంది. లేదా బాగున్న డిస్క్‌ను పీకి ఇంకోటి వేస్తారు. అది దాత జేబులోంచి వచ్చిన సొమ్మే.

దీన్ని తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్2 గానీ డిలీట్ గానీ, ఆ కంపెనీ చెప్పిన మీట నొక్కితే బయోస్ తెర వస్తుంది. అందులో డిస్క్ పేరు, సైజు కనబడుతున్నాయా చూడాలి. కనబడితే డిస్క్ ప్రాణంతో ఉన్నట్టే, లోటు డ్రైవర్‌దే అయ్యే అవకాశం ఎక్కువ. బయోస్‌లో కూడా కనబడకపోతే అప్పుడు డిస్క్‌నూ, అది కూర్చున్న స్లాట్‌నూ అనుమానించాలి.

లోటు డ్రైవర్‌దే అయితే మందు సులువు. ల్యాప్‌టాప్ అడుగున ఉండే మోడల్ నంబరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో వెతికి, ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్‌ను దించుకోవాలి. దించిన ఫైలును అలాగే ఉంచితే ఇన్‌స్టాలర్‌కు అక్కరకు రాదు. దాన్ని విప్పి, ఐఎన్‌ఎఫ్ ఫైళ్ళున్న ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఆ తెరమీద ‘లోడ్ డ్రైవర్’ నొక్కి ఫోల్డర్ చూపిస్తే డిస్క్ ప్రత్యక్షమవుతుంది.

బయోస్‌లో వీఎండీని ఆపేయడం మరో దారి. ఖాళీ డిస్క్ ఉన్న కొత్త యంత్రానికి ఇది ఫరవాలేదు. కానీ వీఎండీ నడుస్తుండగా ఎక్కించిన విండోస్ అప్పటికే ఉంటే, దాన్ని ఆపగానే ఆ విండోస్ నీలితెర చూపి లేవనంటుంది. డేటా ఎక్కడికీ పోదు, మళ్ళీ వీఎండీ ఆన్ చేస్తే లేస్తుంది. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే మాత్రం బయోస్ మార్పుల తరవాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది చేతిలో లేకుండా బయోస్ జోలికి పోకూడదు.

ఏ వరుసలో చూడాలి

ఎక్కించడం ఆగినప్పుడు తోచినట్టు అన్నీ మార్చేస్తే ఏది పని చేసిందో తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి. తెరమీది సందేశాన్ని, ఎర్రర్ కోడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవాలి. మేము పాటించే వరుస ఇది.

ముందు బయోస్. ర్యామ్ పూర్తిగా కనబడుతోందా, డిస్క్ కనబడుతోందా, తేదీ, సమయం సరిగా ఉన్నాయా చూస్తాం. అసలు తెరే వెలగకపోతే అది ఆపరేటింగ్ సిస్టమ్ గొడవ కాదు. విడి భాగాలతో కూర్చిన డెస్క్‌టాప్‌లో ఇలా జరిగితే ప్రాసెసర్ కొత్తది, మదర్‌బోర్డు పాత స్టాకుది అయి ఉండవచ్చు. ఉదాహరణకు 2018లో వచ్చిన బీ450 బోర్డులు 2020 చివర వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసర్లను బయోస్ అప్‌డేట్ చేస్తేనే గుర్తిస్తాయి. కొనేటప్పుడే దుకాణంలో అప్‌డేట్ చేయించుకుంటే సరిపోతుంది.

రెండోది పెన్‌డ్రైవ్. చేతులు మారిన పాత కాపీని పక్కన పెట్టి, మైక్రోసాఫ్ట్ లేదా ఉబుంటు సొంత వెబ్‌సైట్ నుంచి తాజాది దించుకుంటాం. విండోస్‌కు కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. ఫైళ్ళను చేత్తో కాపీ చేస్తే ఒక చిక్కుంది. కొత్త యంత్రాలన్నీ బూట్ చేయగలిగేది ఫ్యాట్32 పద్ధతిలోని పెన్‌డ్రైవ్ నుంచి, ఆ పద్ధతిలో 4 జీబీ మించిన ఫైలు పట్టదు. విండోస్‌లోని ప్రధాన ఫైలు తరచు అంతకంటే పెద్దది. మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో చేసుకుంటే ఈ బాధ ఉండదు.

మూడోది బూట్ పద్ధతి. పాత యంత్రాలది లెగసీ పద్ధతి, కొత్తవాటిది యూఈఎఫ్‌ఐ. యూఈఎఫ్‌ఐలో విండోస్‌కు జీపీటీ పద్ధతిలో విభజించిన డిస్క్ కావాలి. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్ ఉంటే ‘ఈ డిస్క్‌లో ఎక్కించలేం’ అంటుంది. ఖాళీ డిస్క్ అయితే విభాగాలన్నీ తీసేసి మళ్ళీ చేయనిస్తే సరి. దాత వాడి ఇచ్చిన కంప్యూటర్ అయితే మాత్రం తుడిచేముందు వారిని అడుగుతాం. పిల్లల పెళ్ళి ఫొటోలు అందులోనే ఉండిపోవచ్చు.

నాలుగోది పైన చెప్పిన స్టోరేజ్ డ్రైవర్.

అయిదోది ఎక్కడ ఆగుతోందన్నది. ప్రతిసారీ ఒకేచోట ఆగితే పెన్‌డ్రైవ్‌లోని కాపీనో, డ్రైవర్‌నో అనుమానిస్తాం. ఒకసారి 20 శాతం దగ్గర, మరోసారి 70 శాతం దగ్గర ఆగితే ర్యామ్‌ను అనుమానిస్తాం. రెండు ర్యామ్ పలకలుంటే ఒక్కొక్కటే ఉంచి చూస్తాం. ఒకదానితో నడిచి రెండోదానితో ఆగితే దోషి దొరికినట్టే. అప్పుడు వారంటీకి పంపడానికి మన దగ్గర కారణం ఉంటుంది.

చివరిది ఇంటర్నెట్. అన్నీ ఎక్కాక వైఫై కనబడకపోవడం మామూలే. కొత్త వైఫై చిప్ డ్రైవర్ కోసం ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కోసం ఆ డ్రైవర్ కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఈ ముడి విడిపోతుంది.

దొంగ కాపీ దగ్గరి దారి కాదు

‘యాక్టివేట్ చేసిన విండోస్ నా దగ్గరుంది, అయిదు నిమిషాల పని’ అనేవారు ప్రతి వీధిలోనూ దొరుకుతారు. ఆ కాపీలు తరచు ఏళ్ళ కిందటివి, ఎవరో చేయి పెట్టి మార్చినవి. కొత్త యంత్రాన్ని గుర్తించకపోవడానికి అవే ఒక కారణం. గుర్తించినా లోపల ఏముందో తెలియదు. మీ సొమ్ము మా దగ్గర అమానతు. దానితో కొన్న యంత్రంలో దొంగ సరుకు పెట్టడం మాకు సమ్మతం కాదు.

డబ్బు పెట్టి లైసెన్సు కొనలేని చోట ఉబుంటు ఉంది. అది ఉచితం, చట్టబద్ధం. దాని నంబరులోనే పుట్టిన తేదీ ఉంటుంది: 22.04 అంటే 2022 ఏప్రిల్, 24.04 అంటే 2024 ఏప్రిల్. యంత్రం కంటే పాత ఉబుంటును ఎక్కించబోతున్నామా అన్నది నంబరు చూస్తేనే తెలిసిపోతుంది. డిస్క్‌ను ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే సౌకర్యమూ ఉంది. వైఫై, సౌండు, టచ్‌ప్యాడ్ పని చేస్తున్నాయని చూసుకున్నాకే ఎక్కించవచ్చు.

దాతలకు మా మనవి

కంప్యూటర్ ఇచ్చేవారు దానితోపాటు బిల్లు, వారంటీ కార్డు ఇవ్వండి. అవి లేకపోతే నిజంగా చెడిన భాగాన్ని కూడా మార్పించుకోలేం. కొత్తది కొనేముందు మోడల్ నంబరు మాకు చెప్పండి. దానికి విండోస్ వస్తుందా లేదా, డ్రైవర్లు దొరుకుతాయా లేదా చూసి చెబుతాం.

వాడిన కంప్యూటర్ ఇవ్వదలిస్తే ఒక సంగతి గమనించండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్, కనీసం 4 జీబీ ర్యామ్, ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచి ప్రాసెసర్ కావాలి. అంతకంటే పాతదైనా పారేయకండి, ఉబుంటుతో చక్కగా నడుస్తుంది. మీ ఫైళ్ళు కాపీ చేసుకుని, ఖాతాల్లోంచి బయటికి వచ్చి, పాస్‌వర్డులు తీసేసి ఇవ్వండి చాలు.

మీలో గానీ మీ పిల్లల్లో గానీ ఈ పని తెలిసినవారుంటే ఒక ఆదివారం మాతో కూర్చోండి. పై వరుసను మన విద్యార్థులకు ఒకసారి చేయించి చూపితే, వచ్చే ఏడాది వచ్చే యంత్రాలను వాళ్ళే సిద్ధం చేసుకోగలరు.