ఎక్కింది, కానీ కనిపించలేదు

తెలంగాణ ఎంసెట్ 2018లో కాగితం వదిలి కంప్యూటర్ మీదికి వచ్చింది. నల్లగొండ, కోదాడ, మహబూబ్‌నగర్‌లలో కంప్యూటర్ ల్యాబులే పరీక్ష హాళ్లయ్యాయి. అలాంటి ల్యాబులో మెషీన్లన్నీ ఒకేలా ఉండాలి: అదే విండోస్, అదే బ్రౌజర్, అదే సెట్టింగులు. ఒక్కోదానికి పెన్‌డ్రైవ్ గుచ్చి ‘నెక్స్ట్, నెక్స్ట్’ నొక్కుకుంటూ పోతే తెల్లారిపోతుంది.

ఈ చాకిరీ తప్పించడానికి రెండు దారులు పోటీపడ్డాయి. మొదటిది నకలు తీయడం. 1995లో న్యూజిలాండ్‌కు చెందిన మర్రే హజార్డ్ రాసిన ఘోస్ట్, ఒక హార్డ్‌డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా తీసి ఇంకో మెషీన్‌లో దింపేది. మూడేళ్లకే సిమాంటెక్ దాన్ని కొనేసింది. వేగంలో ఘోస్ట్‌కు తిరుగులేదు. కానీ బ్రౌజర్‌కు కొత్త వెర్షన్ వచ్చిందంటే ఇమేజ్ మళ్లీ మొదటినుంచి తీయాల్సిందే.

రెండోది, 2007 కాన్ఫిగరేషన్ మేనేజర్‌తో మైక్రోసాఫ్ట్ తెచ్చిన టాస్క్ సీక్వెన్స్. ముందు వట్టి విండోస్ ఎక్కుతుంది, తర్వాత అప్లికేషన్లు వరసగా ఒక్కొక్కటే ఎక్కుతాయి. బ్రౌజర్ మారితే ఆ ఒక్క మెట్టు మారిస్తే చాలు. ఇంత చక్కటి ఏర్పాటులో తంటా వచ్చేదల్లా ఆ అప్లికేషన్ల మెట్ల దగ్గరే.

ఈ పద్ధతిలో మెషీన్ ఆన్ కాగానే నెట్‌వర్క్ కార్డు డీహెచ్‌సీపీ నుంచి ఐపీ అడ్రస్ తీసుకుంటుంది, సర్వర్ నుంచి బూట్ ఫైలు తెచ్చుకుంటుంది. విన్‌పీఈ అనే బుల్లి విండోస్ ర్యామ్‌లో లేస్తుంది. డిస్కు ఫార్మాట్ అవుతుంది, ఇమేజ్ దిగుతుంది, డ్రైవర్లు పడతాయి, రీస్టార్ట్. అప్పుడు మొదలవుతాయి అప్లికేషన్లు. ఆ సమయానికి ఎవరూ లాగిన్ అయి ఉండరు. ఇన్‌స్టాలర్‌ను నడిపేది ‘లోకల్ సిస్టమ్’ ఖాతా. ‘ఐ అగ్రీ’ నొక్కమని బాక్స్ వస్తే నొక్కేవాళ్లు లేరు, సీక్వెన్స్ అక్కడే ఆగుతుంది. అందుకే ప్రతి ఇన్‌స్టాలర్‌కూ నోరెత్తకుండా పని చేసుకుపోయే సైలెంట్ స్విచ్ ఇవ్వాలి.

పని ముగిశాక ఇన్‌స్టాలర్ ఒక అంకె చెప్పి వెళ్తుంది. 0 అంటే అయిపోయింది. 3010 అంటే అయింది, రీస్టార్ట్ కావాలి. 1618 అంటే ఇంకో ఇన్‌స్టలేషన్ నడుస్తోంది. ఎవరినీ అడగకుండా మెషీన్‌ను తనే రీస్టార్ట్ చేసే ఇన్‌స్టాలర్ ఉంటే సీక్వెన్స్ మధ్యలోనే తెగిపోతుంది.

కాన్ఫిగరేషన్ మేనేజర్ 2012 వెర్షన్‌లో ఈ ఏర్పాటుకు అసలైన తెలివి తోడైంది. మడికి నీళ్లు పెట్టానని పాలేరు చెప్పినా రైతు గట్టెక్కి తడి చూసుకున్నట్టు, సీక్వెన్స్‌ను నడిపే ఇంజిన్ కూడా ఇన్‌స్టాలర్ చెప్పిన ఆ 0ను నమ్మి ఊరుకోదు. ‘డిటెక్షన్ రూల్’ ప్రకారం ఫలానా ఫైలు ఉందా, ఫలానా ప్రొడక్ట్ కోడ్ రిజిస్టర్ అయిందా అని తనే వెతుకుతుంది. దొరకలేదా, 0ఎక్స్87డీ00324 అనే ఎర్రర్: ఇన్‌స్టాల్ అయింది, కానీ కనిపించలేదు.

ఈ ఎర్రర్‌కు ఉదాహరణగా ఫైళ్లు కుదించే సెవెన్‌జిప్‌నే తీసుకుంటే, దాని ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్ ప్రొడక్ట్ కోడ్‌లో వెర్షనే ఇమిడి ఉంటుంది. 19.00కు కోడ్ మధ్యలో 1900 అని, 23.01కు 2301 అని కనిపిస్తుంది. సర్వర్‌లో ఇన్‌స్టాలర్ ఫైలు మార్చి రూల్‌ను పాతదే ఉంచితే, కొత్త సెవెన్‌జిప్ చక్కగా ఎక్కుతుంది, ఇంజిన్ మాత్రం 1900 కోసం వెతికి ఫెయిల్ అంటుంది. కొన్ని సెటప్‌లది ఇంకో తీరు. అసలు పని ఇంకో ప్రాసెస్‌కు అప్పగించి, అది ముగియకముందే 0 చెప్పి తప్పుకుంటాయి. ఇంజిన్ వెతికే వేళకు ఫైళ్లు ఇంకా దిగుతూనే ఉంటాయి.

సమస్య ఎక్కడుందో చెప్పే ఎస్‌ఎంఎస్‌టీఎస్ లాగ్ కూడా ఒకచోట నిలవదు. విన్‌పీఈ నడుస్తున్నప్పుడు ఎక్స్ డ్రైవ్‌లోని టెంప్‌లో ఉంటుంది. ఫార్మాట్ అయ్యాక సీ డ్రైవ్‌లోని టాస్క్ సీక్వెన్స్ ఫోల్డర్‌కు మారుతుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్ క్లయింట్ ఎక్కాక విండోస్‌లోని సీసీఎం ఫోల్డర్‌కు చేరుతుంది. ముందుగా బూట్ ఇమేజ్‌లో కమాండ్ సపోర్ట్ పెట్టి ఉంటే, ఎఫ్8 నొక్కగానే కమాండ్ విండో తెరుచుకుంటుంది. అది తెరిచి ఉన్నంతసేపూ మెషీన్ రీస్టార్ట్ కాదు కాబట్టి లాగ్‌ను తీరిగ్గా చదవొచ్చు. క్లయింట్ ఎక్కాక అయితే యాప్ఎన్‌ఫోర్స్ లాగ్ చూడాలి. అందులో నడిచిన కమాండ్, వచ్చిన అంకె, ఆ వెంటనే జరిగిన వెతుకులాట వరసగా ఉంటాయి. అంకె 0 ఉండి కింద ‘దొరకలేదు’ అని ఉంటే, ఇన్‌స్టాలర్ జోలికి పోకుండా ముందు రూల్‌ను చూడాలి.

2017లో మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ వచ్చాక చాలా సంస్థల్లో ఇమేజ్ దింపే పనే పోయింది. ఫ్యాక్టరీ విండోస్‌నే ఉంచి, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ ఇంట్యూన్ ఇంటర్నెట్ మీదుగా అప్లికేషన్లు పంపుతుంది. డిటెక్షన్ రూల్ మాత్రం దానిలోనూ ఉంది, ఫెయిలైతే వచ్చే కోడ్ 0ఎక్స్87డీ1041సీ.