నూటికి ఇరవై కాదు, ఫ్రీ త్రోలు చూడండి

మన విశాఖ ఆడపిల్లల కాలేజీ జట్టు ఒకటి బాస్కెట్‌బాల్‌లో 72-20తో గెలిచిందనుకోండి. ఇంటికొచ్చిన పిల్లకి దిష్టి తీస్తాం, ఇరుగుపొరుగుకి స్వీట్లు పంచుతాం. తప్పులేదు. కానీ ఆట ఎంత పెరిగిందో ఆ అంకెలు చెప్పవండీ.

ఎదుటివాళ్లకి బంతిని కొట్టుకుంటూ పోవడమే సరిగ్గా రాకపోతే, మనవాళ్లు లాక్కుని ఒక్క పరుగున వెళ్లి బుట్టలో వేసేస్తారు. అవీ పాయింట్లే, కాదనను. గట్టి జట్టు తగిలితే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు 24 సెకన్లలో ఐదుగురూ కదిలి, బంతి అందించుకుని, ఒకరికి చోటు చేయాలి. అదీ అసలు పని.

అందుకే నేను మొదట ఫ్రీ త్రోలు చూస్తాను. 15 అడుగుల దూరం, 10 అడుగుల ఎత్తున రింగు, అడ్డం వచ్చేవాళ్లు లేరు. అవతలివాళ్లు ఎంతటివారైనా ఇక్కడ తేడా లేదు. పదింటికి నాలుగే పడుతుంటే, యాభై పాయింట్లతో గెలిచినా సాధన చాలలేదన్నమాట. ఆధిక్యం వచ్చాక బెంచీ మీది పిల్లల్ని దింపారా, అదీ చూడాలి. తెల్లారి లేచి ఆ ఉక్కలో పరుగులు తీసేది నీళ్ల సీసాలు అందించడానికా?

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ తొలిసారి పెట్టారు. అమెరికా అమ్మాయిలు సోవియట్ జట్టు చేతిలో 112-77తో ఓడారు. 1988లో సియోల్ సెమీఫైనల్లో అదే సోవియట్ జట్టుని 102-88తో ఓడించారు. మధ్యలో పన్నెండేళ్లు!

మీ అమ్మాయి ఇంటర్ యూనివర్సిటీ పోటీలకి వెళ్తానంటే, కప్పు సంగతి అలా ఉంచి, ఈ సీజన్‌లో ఫ్రీ త్రోలు ఎన్ని వేసింది, ఎన్ని పడ్డాయి అని అడగండి.