నెల్లూరు చేపల పులుసు

ఇంటికి చుట్టాలు వచ్చారు. చేపలు తెచ్చారు. ఆ పూటంతా ఇల్లాలు పొయ్యి దగ్గరే ఉంటుంది. అందరూ తిని లేచాక సట్టిలోకి తొంగి చూస్తుంది. ముక్కలు అయిపోయి ఉంటాయి. అడుగున పులుసు మాత్రం మిగిలి ఉంటుంది.

చేపల పులుసు వండిన రోజు ఇలా జరగనక్కర లేదు. ఇది ముందుగా వండి దించుకునే కూర. చుట్టాలు వచ్చేసరికి పొయ్యి పని అయిపోతుంది. ఇల్లాలు కూడా వాళ్లతో కూర్చుని తినవచ్చు.

సూళ్లూరుపేట పక్కనే పులికాట్ సరస్సు ఉంది. పెద్దవాళ్లు దీన్ని ప్రళయ కావేరి అంటారు. శ్రీహరికోటకు పోయే రోడ్డు ఈ సరస్సు మధ్యగానే పోతుంది. కాళంగి నీళ్లు, సముద్రపు ఉప్పునీళ్లు ఇక్కడ కలుస్తాయి. అందుకే ఈ వైపు చేపకు, రొయ్యకు కరువు తక్కువ. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది. పులుసు మాత్రం నెల్లూరు పులుసే!

ముందు చేపను చూసి కొనాలి. చెవుల కింద రెక్క ఎత్తి చూడండి. లోపల ఎర్రగా ఉండాలి. కళ్లు ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడి, మళ్లీ పైకి రావాలి. గుంట అలాగే ఉండిపోతే ఆ చేప వద్దు. "కారం ఎక్కువ వేస్తే సరిపోతుందిలే" అంటారు కొందరు. సరిపోదు. కొన్ని చేపలు చెడితే వాటిలో ఒక విషం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు. తిన్నవాళ్లకు దద్దుర్లు, వాంతులు వస్తాయి.

కిలో చేప ముక్కలకు పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టాలి. రెండు ఎర్రగడ్డలు, రెండు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు కోసుకోవాలి. పుల్ల మామిడికాయ దొరికితే నాలుగు చెక్కలు కోసి పెట్టుకోండి. అప్పుడు చింతపండు సగానికి తగ్గించాలి. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి పక్కన పెట్టాలి.

మట్టి సట్టిలో గరిటెడు నూనె పోసి కాగనివ్వాలి. ఎర్రగడ్డలు, పచ్చిమిర్చి, కరేపాకు వేసి వేయించాలి. టమాటాలు వేసి మెత్తగా మగ్గనివ్వాలి. మూడు చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి వేసి ఒక్క తిప్పు తిప్పాలి. చింతపండు పులుసు పోసి, ఉప్పు సరిచూసుకోవాలి. పులుసు బాగా తెర్లి, చిక్కబడి, నూనె పైకి తేలాలి. ఇక్కడ తొందర పడకూడదు. చేప వేశాక పులుసు చిక్కబడాలంటే ముక్క చితికిపోతుంది.

ఇప్పుడు మామిడి చెక్కలు వేయాలి. అయిదు నిమిషాల తర్వాత చేప ముక్కలు ఒక్కొక్కటే జార్చాలి. పది నిమిషాలు చాలు. గరిటె పెట్టి కలపవద్దు. గుడ్డతో సట్టి అంచులు పట్టుకుని మెల్లగా కదిలించాలి. మెంతులు పావు చెంచా, ఆవాలు, జీలకర్ర అర చెంచా చొప్పున వేయించి పొడి చేసుకోండి. ఆ పొడి చల్లి దించేయాలి. మెంతులు ఎక్కువైతే చేదు వస్తుంది.

మట్టి సట్టే ఎందుకు? చింతపండు పులుపు అల్యూమినియం గిన్నెను తింటుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో కిలుం పడుతుంది. మట్టికి ఆ బాధ లేదు. దించాక కూడా వేడి చాలాసేపు నిలుస్తుంది. సట్టి లేకపోతే స్టీలు గిన్నె మంచిదే.

దించిన వెంటనే పులుసు రుచి తెలియదు. రెండు గంటలు ఆగాలి. ఉప్పు, కారం, పులుపు అప్పుడు ముక్కలోకి దిగుతాయి.

సట్టి దించగానే ఇంకో పని ఉంది. ఇంట్లో ఎందరో అన్ని వాటాలు అనుకోవాలి. వండిన మనిషినీ ఆ లెక్కలో కలపాలి. ఆమె ముక్కలు ముందే గిన్నెలో తీసి మూత పెట్టాలి. ఇది దాచుకోవడం కాదు. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తం తక్కువని తేలింది. చేప ముక్కలో మాంసకృత్తులు ఉంటాయి. చేపతోపాటు ఆకుకూర తింటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అడుగు పులుసు పోసుకుంటే ఇవన్నీ రావు. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటబట్టదు. గంట ఆగి తాగితే నయం.

చేప కొనలేని రోజు ఇదే పులుసులో వంకాయలు, మునక్కాయలు వేయవచ్చు. నీచు తినని చుట్టాలకూ అదే పెట్టవచ్చు. కాకపోతే సట్టి వేరే ఉండాలి.

పులుపు ఉన్నందువల్ల ఈ కూర తొందరగా చెడదు. అలాగని రోజంతా అలా వదిలేయకూడదు. ఎండాకాలంలో పొద్దున వండితే మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి తెర్లించాలి. ఎంగిలి గరిటె ముంచకూడదు. ఫ్రిజ్ ఉంటే చల్లారాక అందులో పెట్టాలి. మర్నాడు పొద్దున మళ్లీ బాగా తెర్లించి, దోసెల్లోకి వేసుకోవచ్చు. నెల్లూరు వైపు చాలా ఇళ్లలో ఆ దోసెల కోసమే రాత్రి రెండు ముక్కలు మిగులుస్తారు.