మచ్చ పోవాలి... పొర మిగలాలి

వానాకాలం వస్తే పాత బీరువాకు బూజు, బల్లకు మరకలు. వాటిని వదిలించే తొందరలో చెక్కకే ఎసరు పెడుతున్నాం.

తాతల నాటి డ్రెస్సింగ్ టేబుల్, నిగనిగలాడే రేడియోగ్రామ్, హాల్లో షోకేసు... ఇంటిల్లిపాదీ ‘అసలు టేకు’ అనుకునే వీటిలో చాలావాటికి టేకు పైపైనే ఉంటుంది. లోపల ప్లైవుడ్డో, మామూలు చెక్కో వేసి, పైన పల్చటి టేకు పొర అంటిస్తారు. అదే వెనీర్. రంపంతో కోసిన పాతకాలపు పొర ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండేది. యంత్రాల్లో కత్తితో తీసిన తర్వాతి కాలం పొర అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అంటే ఒకటి రెండు విజిటింగ్ కార్డుల మందం. మరక మీద ఉప్పుకాగితం పెట్టి గట్టిగా రుద్దితే అడుగు చెక్క బయటపడుతుంది. ఆ తర్వాత ఏ పాలిష్ వేసినా అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

అలాగని వెనీర్ చవకబారు పనేం కాదు. 1922లో బయటపడ్డ ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలోనూ నల్లచేవ, దంతపు పల్చటి పొరలు తాపిన పెట్టెలు ఉన్నాయి.

ముందు లోతు చూడండి

బూజు పాలిష్ మీద ఉంటుంది. తెల్ల మచ్చ పాలిష్‌లో ఇరుక్కుంటుంది. నల్ల మచ్చ చెక్కలోకి దిగిపోతుంది. మందు కూడా ఆ లోతును బట్టే.

ఆ పాలిష్ ఏమిటో కూడా తెలియాలి. కంటపడని మూల ఒక చుక్క స్పిరిట్ వేసి చూడండి. జిగటగా మారితే అది లక్క పాలిష్. మోదుగ, రేగు వంటి చెట్ల మీద లక్కపురుగులు చేసే జిగురును స్పిరిట్‌లో కరిగించి పూసేది ఇదే. లక్క మీద పరిశోధనకు 1924లోనే రాంచీ దగ్గర సంస్థ పెట్టారు.

బూజు: తడి గుడ్డ తర్వాత

బూజు కనిపించగానే తడి గుడ్డ పెడితే అది పులుముకుపోతుంది. సామానును గాలి ఆడే నీడకు చేర్చి, మాస్కు పెట్టుకుని, మెత్తటి బ్రష్‌తో పొడిగా దులపాలి. ఆ తర్వాతే సబ్బునీళ్లలో ముంచి బాగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. పాలిష్ లేని సొరుగుల లోపల, వెనక చెక్క మీద స్పిరిట్‌తో తుడవచ్చు. ముందువైపు మాత్రం వద్దు, లక్క కరుగుతుంది. బ్లీచింగ్ జోలికి పోవద్దు, చెక్క రంగు పాడవుతుంది. మండుటెండలో పెడితే పొర వంకర తిరుగుతుంది.

తెల్ల మచ్చ, నల్ల మచ్చ

వేడి కాఫీ గ్లాసు వదిలిన తెల్ల వలయం పాలిష్‌లో చిక్కుకున్న తేమ. కొన్నాళ్లు వదిలేస్తే దానంతటదే తగ్గిపోవచ్చు. తగ్గకపోతే, లక్క పాలిష్ అయితేనే, స్పిరిట్ తడి తగిలీ తగలనట్టున్న గుడ్డను ఒక్కసారి విసురుగా పోనివ్వాలి. ఇస్త్రీపెట్టె చిట్కా వద్దు. పాత సామానులో పశువుల తోలు, ఎముకల జిగురు ఉంటే ఆ వేడికి మెత్తబడి పొర ఉబ్బుతుంది.

నల్ల మచ్చ కథ వేరు. పూలకుండీ ఇనుప స్టాండు, తుప్పు మేకు తడిసినప్పుడు ఇనుము చెక్కలోని టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. దానికి మందు ఆక్సాలిక్ ఆసిడ్. అది విషం, గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ముందు పాలిష్ తీయాలి. మచ్చ ఒక్కచోటే రాస్తే అక్కడ వెలిసిపోతుంది, పలక మొత్తానికీ పల్చగా పూయాలి. నీళ్లు నిలవనీయకుండా, పిండిన గుడ్డతో రెండు మూడుసార్లు తుడవాలి. ఆరాక మిగిలిన పొడిని రుద్దితే ఊపిరితిత్తులకు ప్రమాదం. చేయి తిరిగిన పాలిష్ మేస్త్రీకి అప్పగించడమే మేలు.

మళ్లీ రాకుండా...

గాల్లో తేమ 65-70 శాతం దాటితే బూజుకు పండగే. మన కోస్తాలో వానాకాలం అంతకు మించే ఉంటుంది. గోడకు బీరువాను ఆనించకుండా బెత్తెడు ఎడం వదలాలి. సొరుగుల్లో కలరా ఉండలు వేస్తే పురుగులు పోతాయేమో గానీ బూజు ఆగదు, దానికి గాలే విరుగుడు.

అన్నీ చేశాక కూడా లేత మచ్చ ఒకటి మిగిలితే అక్కడితో ఆపేయండి. మిగిలిన మచ్చను రేపు మరో పద్ధతిలో తీయవచ్చు. అరిగిపోయిన పొరను మాత్రం ఏ మేస్త్రీ వెనక్కి తేలేడు.