స్ప్రెడ్‌షీట్‌లో క్వెరీల వినియోగం: శాసన పట్టికల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

పరిశోధకులు తాము సేకరించిన సమాచారాన్ని స్ప్రెడ్‌షీట్లలో భద్రపరచుకోవడం నేడు సర్వసాధారణం. ఆ పట్టికల నుంచి కావలసిన అంశాలను క్వెరీ ద్వారా రాబట్టే విధానాన్ని శాసనాల పట్టిక ఉదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది. క్వెరీ శ్రమను తగ్గిస్తుంది. అయితే పట్టికలో ఏకరూపత లోపిస్తే కొన్ని ఆధారాలను ఏ హెచ్చరికా లేకుండా విడిచిపెడుతుంది. ఈ రెండు పార్శ్వాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: స్ప్రెడ్‌షీట్, క్వెరీ, దత్తాంశాలు, శాసనాలు, శకసంవత్సరం, ఏకరూపత.

1. ఉపోద్ఘాతం

దత్తాంశాలను పరస్పర సంబంధం గల పట్టికలుగా అమర్చే నమూనాను ఇ.ఎఫ్. కాడ్ 1970లో ప్రతిపాదించాడు. అటువంటి పట్టికలను ప్రశ్నించడానికి డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో 'సీక్వెల్' అనే భాషను ప్రకటించారు. నేటి ఎస్.క్యూ.ఎల్.కు అదే మూలం. వ్యక్తిగత కంప్యూటర్లపై తొలి స్ప్రెడ్‌షీట్ అయిన విసికాల్క్ 1979లో వెలువడింది. వేర్వేరు అవసరాల నుంచి పుట్టిన ఈ రెండు సాధనాలు నేడు ఒకేచోట లభిస్తున్నాయి.

2. క్వెరీ నిర్మాణం

ఒక పరిశోధకుని పట్టికలో ఐదు నిలువు వరుసలు ఉన్నాయనుకుందాం: ఎ - శాసనస్థలం, బి - జిల్లా, సి - రాజవంశం, డి - శకసంవత్సరం, ఇ - భాష. కాకతీయ శాసనాలను మాత్రమే వేరుచేయాలంటే ఫిల్టర్ పెట్టి, కనిపించిన వరుసలను మరొక షీట్‌లోకి నకలు చేయడం అలవాటైన మార్గం. ఇందులో రెండు చిక్కులున్నాయి. మూలపట్టికలో కొత్త శాసనం చేరితే నకలు మారదు. ఏ నియమంతో ఎంపిక జరిగిందో ఆ నకలును చూసి తెలుసుకోలేము.

గూగుల్ షీట్స్‌లోని క్వెరీ ఫంక్షన్ ఈ రెండింటినీ పరిష్కరిస్తుంది. దానికి పట్టిక పరిధి, ఆజ్ఞావాక్యం, శీర్షిక వరుసల సంఖ్య అనే మూడు అంశాలను అందించాలి. ఆజ్ఞావాక్యం ఇలా ఉంటుంది (షీట్‌లో ఆజ్ఞాపదాలను, వరుసల అక్షరాలను ఆంగ్ల లిపిలో రాయాలి):

సెలెక్ట్ ఎ, డి వేర్ సి = 'కాకతీయ' ఆర్డర్ బై డి

'సెలెక్ట్' ఏ వరుసలు కావాలో, 'వేర్' ఏ నియమానికి లోబడాలో, 'ఆర్డర్ బై' ఏ క్రమంలో ఉండాలో చెబుతాయి. భాషలవారీ లెక్కకు 'సెలెక్ట్ ఇ, కౌంట్(ఎ) గ్రూప్ బై ఇ' అంటే చాలు. మూలపట్టిక చెక్కుచెదరదు. ఎంపిక నియమం గడిలోనే వాక్యరూపంలో నిలిచి ఉంటుంది కనుక పర్యవేక్షకుడైనా, మరో పరిశోధకుడైనా దాన్ని సరిచూడగలరు.

అయితే రెండు పట్టికలను జోడించే 'జాయిన్' ఈ ఫంక్షన్‌లో లేదు. ఆ అవసరానికి ఎక్సెల్ 2016 నుంచి అంతర్భాగమైన పవర్ క్వెరీ తగినది. దత్తాంశాలు బయటి డేటాబేస్‌లో ఉన్నప్పుడు అది వీలైనంతవరకు నియమాలను అక్కడికే పంపి, అవసరమైన వరుసలనే తెచ్చుకుంటుంది.

3. ఆధారాలు జారిపోయే సందర్భాలు

3.1 మిశ్రమ విలువలు: గూగుల్ క్వెరీ దృష్టిలో ఒక నిలువు వరుసకు ఒకే రకమైన విలువ ఉంటుంది. అంకెలూ పదాలూ కలిసి ఉంటే అధిక సంఖ్యలో ఉన్న రకాన్నే స్వీకరించి, మిగిలినవాటిని శూన్యంగా పరిగణిస్తుంది. 500 శాసనాల పట్టికలో 430 శకసంవత్సరాలు అంకెలుగానూ, 70 '1083?', 'సుమారు 1100' వంటి రూపాల్లోనూ ఉన్నాయని భావిద్దాం. 'వేర్ డి < 1100' అని అడిగితే ఆ 70 శాసనాలు పరిశీలనకే రావు. ఫలితం మాత్రం సమగ్రంగానే కనిపిస్తుంది. పైగా ఈ నష్టం యాదృచ్ఛికం కాదు. కాలనిర్ణయం సందేహాస్పదమైనవి తరచుగా శిథిల శాసనాలే కనుక, అవి లోపించిన లెక్కతో చేసే నిర్ధారణ ఒక పక్కకు ఒరుగుతుంది.

3.2 వర్ణక్రమ భేదాలు: హనుమకొండ, హన్మకొండ, అనుమకొండ ఒకే ఊరి పేర్లని పాఠకునికి తెలుసు, క్వెరీకి అవి మూడు వేర్వేరు పదాలు. పదం చివర మిగిలిన ఖాళీ, పొల్లు తరువాత చేరిన అదృశ్య యూనికోడ్ సంకేతం కూడా సమానత్వ పరీక్షను భగ్నం చేస్తాయి.

3.3 పరిమాణ పరిమితి: ఎక్సెల్ షీట్‌లో నేడు 10,48,576 అడ్డు వరుసలు పడతాయి; పాత ఫైల్ రూపంలో 65,536 మాత్రమే. 2020లో ఇంగ్లండ్‌లో పాత రూపం వాడటం వల్ల 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కలోకి రాలేదు. అక్కడా దత్తాంశాలు నిశ్శబ్దంగానే తెగిపోయాయి.

4. పట్టిక నిర్మాణంలో జాగ్రత్తలు

మూలపాఠంలో ఉన్నదాన్నీ, పరిశోధకుడు నిర్ణయించినదాన్నీ ఒకే గడిలో కలపకపోవడం ప్రధాన సూత్రం. రుద్రదేవుని హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084 నాటిది. 78 కలిపితే 1162 వస్తుంది. కానీ తిథి మాఘమాసంలో ఉన్నందున అది క్రీ.శ. 1163 జనవరి అవుతుంది. కాబట్టి శకసంవత్సరం, మాసం, క్రీస్తుశకం, సందేహసూచన అనే నాలుగు వరుసలు విడివిడిగా ఉండాలి. జిల్లాల విషయమూ ఇంతే. 2016లో తెలంగాణలోనూ, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ జిల్లాలు పునర్వ్యవస్థీకృతమయ్యాయి. శాసన సంపుటంలోని జిల్లా పేరునూ, ప్రస్తుత జిల్లా పేరునూ వేర్వేరుగా నమోదు చేయాలి.

5. ముగింపు

1. క్వెరీ వల్ల కలిగే ప్రధాన ప్రయోజనం వేగం కాదు; ఎంపిక నియమం పునఃపరిశీలనకు అందుబాటులో ఉండటం.
2. ప్రతి నిలువు వరుసలో ఒకే రకమైన విలువ ఉండాలి. సందేహాన్ని ప్రత్యేక వరుసలో నమోదు చేయాలి.
3. స్థలనామాలకు ఒక ప్రామాణిక రూపాన్ని నిర్ణయించి, మూలరూపాన్ని పక్కన నిలుపుకోవాలి.
4. నియమానికి లోబడినవి, లోబడనివి, విలువ లేనివి కలిపితే మొత్తం వరుసల సంఖ్య రావాలి. ఈ సరిచూపు లేని లెక్కను సిద్ధాంతవ్యాసంలో ఆధారంగా చూపడం సమంజసం కాదు.