రసీదు నంబరు ఎవరిది వారికే చేరాలంటే

చేతిరాత చీటీల రోజులలో నంబరు పుస్తకంలో ముందే అచ్చయి ఉండేది. ఒకరి నంబరు మరొకరికి పోయే అవకాశం తక్కువ. కంప్యూటరు ఉన్న పాల సేకరణ కేంద్రాలలో ఇప్పుడు ప్రతి పద్దుకూ డేటాబేసే వరుస నంబరు వేస్తుంది. ఆ నంబరును తిరిగి తీసుకొనే పద్ధతి సరిగా లేకపోతే ఒకరి వెన్న శాతం మరొకరి ఖాతాలో పడుతుంది. సోమాజిగూడ పక్కనే అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణాలయాలలో ఒరాకిల్, జావా నేర్చుకొనే వారికి తప్పక తెలియవలసిన పాఠమిది. పాలు పోసే సభ్యులకూ దీని అవసరం ఉన్నది.

పొరపాటు ఎట్లా జరుగుతుంది?

ఒక కేంద్రంలో రెండు కౌంటర్లు ఉన్నాయనుకొందాం. మొదటి కౌంటరులో 5 లీటర్ల గేదె పాలు నమోదయ్యాయి. పద్దు నంబరు 412. మరుక్షణమే రెండవ కౌంటరులో 8 లీటర్ల ఆవు పాలు నమోదయ్యాయి. నంబరు 413. ఇప్పుడు మొదటి కౌంటరు వెన్న శాతం వ్రాయడానికి "అన్నిటికన్న పెద్ద నంబరు ఏది?" అని అడిగితే 413 అని జవాబు వస్తుంది. గేదె పాల 7 శాతం వెన్న ఆవు పాల పద్దులో చేరుతుంది. 412కు వెన్న శాతమే ఉండదు. లీటర్ల మొత్తం సరిపోతుంది కనుక ఆ పూట లెక్కలో తప్పు కనిపించదు. బిల్లు అందిన రోజున గాని సభ్యునికి నష్టం తెలియదు.

సరియైన పద్ధతి

1. పెద్ద నంబరు అడగరాదు. "నేను ఇప్పుడు వ్రాసిన పద్దు నంబరు ఏది?" అని అడగాలి. ఇందుకు మై ఎస్.క్యు.ఎల్.లో లాస్ట్ ఇన్సర్ట్ ఐడి, ఎస్.క్యు.ఎల్. సర్వరులో స్కోప్ ఐడెంటిటీ ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో 2006 నుండి రిటర్నింగ్ అనే మాటతో, పద్దు వ్రాసిన ఆజ్ఞే నంబరును కూడా చేతికిస్తుంది.

2. లాస్ట్ ఇన్సర్ట్ ఐడి జవాబు ఏ కనెక్షనుకు ఆ కనెక్షను వేరుగా ఉంటుంది. కనుక పద్దు వ్రాసిన కనెక్షనులోనే నంబరు అడగాలి. రెండు కౌంటర్లు ఒకే కనెక్షను వాడుకొంటే ఈ రక్షణ పోతుంది.

3. పెద్ద నంబరుకు ఒకటి కలిపి కొత్త నంబరు తయారుచేయరాదు. ఇద్దరూ ఒకే క్షణంలో చూస్తే ఇద్దరికీ అదే నంబరు వస్తుంది.

4. ఒక పద్దుకు ఒకే పరీక్షా ఫలితం అనే నిబంధనను డేటాబేసులోనే పెట్టాలి. అప్పుడు రెండవది చేరబోతే యంత్రమే నిరాకరిస్తుంది, తప్పు అక్కడికక్కడే తెలుస్తుంది.

నంబరు తప్పిపోతే?

412 తరువాత 414 కనిపిస్తే అనుమానపడవద్దు. మధ్యలో రద్దయిన పద్దు నంబరు తిరిగి వాడుకకు రాదు. వరుసలో ఖాళీ దోషం కాదు. ఒకే నంబరుపై ఇద్దరి పాలు పడటమే దోషం.

కార్యదర్శులకు సూచన: కొత్త ప్రోగ్రాము స్వీకరించే ముందు రెండు కౌంటర్లలో ఏకకాలంలో ఇరవై చొప్పున నమూనా పద్దులు వేయించి, చీటీలను ఖాతాలతో సరిచూడండి. సభ్యులారా! చీటీలో మీ సభ్యత్వ సంఖ్య, లీటర్లు, వెన్న శాతం చూసుకొని, బిల్లు అందేవరకు దానిని భద్రపరచుకోండి.