వయసుతో పాటు పెరిగే బరువు: తప్పు జీవక్రియదేనా?

ఖరగ్‌పూర్: రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం వచ్చిన తెలుగు కుటుంబాలు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. నేడు ఈ రైల్వే పట్టణంలో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ కూడా ఉంది. ఎక్కడి పరిశ్రమలోనైనా అనుభవం పెరిగిన కొద్దీ కార్మికుడు యంత్రం దగ్గరి నుంచి పర్యవేక్షకుడి కుర్చీకి మారడం, ఆపై పదవీ విరమణ చేయడం సహజం. పొట్ట పెరగడం, ఎంత ప్రయత్నించినా తగ్గకపోవడం సాధారణంగా ఈ దశలోనే మొదలవుతాయి. వయసు మీదపడి జీవక్రియ మందగించిందని చాలామంది సరిపెట్టుకుంటారు. పరిశోధనలు చెబుతున్నది మాత్రం వేరు.

60 ఏళ్ల వరకు స్థిరమే

29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా వ్యక్తుల శక్తి వినియోగాన్ని విశ్లేషించిన అధ్యయనం 2021లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. శరీర పరిమాణాన్ని, కండర రాశిని పరిగణనలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల మధ్య జీవక్రియ దాదాపు స్థిరంగా ఉంటుందని అందులో తేలింది. 60 దాటాక అది ఏటా సుమారు 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. కాబట్టి నలభైల్లో, యాభైల్లో పెరిగే బరువుకు కారణాన్ని మరోచోట వెతకాలి.

చెంగైల్ మిల్లులో తేలిన సంగతి

ఆ కారణాల్లో ఒకదానికి ఆధారం ఖరగ్‌పూర్-హౌరా రైలు మార్గంలోనే ఉంది. ఆ దారిలోని చెంగైల్‌లో ఒక జనపనార మిల్లుకు చెందిన 213 మందిపై హార్వర్డ్ పోషకాహార శాస్త్రవేత్త జీన్ మేయర్ బృందం జరిపిన అధ్యయనం 1956లో ప్రచురితమైంది. భారీ శ్రమ చేసేవారు ఎక్కువ తిన్నా బరువు పెరగలేదు. కూర్చుని పనిచేసే గుమాస్తాలు, పర్యవేక్షకులు, దుకాణదారులు మాత్రం తేలికపాటి పనివారి కంటే ఎక్కువ తిన్నారు. వారి బరువు కూడా ఎక్కువే. శ్రమ ఒక స్థాయి కంటే తగ్గితే ఆకలి దానికి తగినట్లుగా తగ్గదని పరిశోధకులు గుర్తించారు. పని మారినా కంచంలో అన్నం, సాయంత్రం టీతో సింగారా మారకపోవడం వెనుక ఉన్నది ఇదే.

కనిపించకుండా తగ్గే కండరం

రెండో కారణం కండరం. 30 ఏళ్ల తరువాత ప్రతి దశాబ్దంలో 3 నుంచి 8 శాతం వరకు కండరం తగ్గుతుందని అంచనా. శరీరం విశ్రాంతిలో ఖర్చుచేసే శక్తి కూడా ఆ మేరకు తగ్గుతుంది. స్త్రీలలో రుతుచక్రం నిలిచే దశలో కొవ్వు పొట్ట చుట్టూ చేరడం అధికమవుతుంది. రాత్రి షిఫ్టులు, నిద్రలేమి ఆకలిని పెంచుతాయి. థైరాయిడ్ లోపం, ఇన్సులిన్, స్టెరాయిడ్ల వంటి మందులు కూడా బరువు పెరగడానికి కారణం కావచ్చు. అందువల్ల అకారణంగా బరువు పెరిగితే ముందుగా వైద్యుని సంప్రదించడం అవసరం.

కడుపు మాడ్చుకుంటే నష్టమే

చాలామంది చేసే మొదటి పని అన్నం మానేయడం. వ్యాయామం లేకుండా తిండి మాత్రమే తగ్గిస్తే, తగ్గిన బరువులో సుమారు పావువంతు కండరమే కావచ్చు. పైగా బరువు తగ్గినప్పుడు శరీరం శక్తి ఖర్చును పొదుపు చేస్తుంది, ఆకలిని పెంచుతుంది. ఆపై పాత అలవాట్లకు మళ్లితే కొవ్వు తిరిగి చేరినంత సులభంగా కండరం చేరదు. వృద్ధాప్యంలో తూలిపడటానికి, ఇతరులపై ఆధారపడటానికి దారితీసే బలహీనతకు ఇది పునాది వేస్తుంది.

వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతో పాటు కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్లెక్కడం, గోడను ఆనుకుని దండీలు తీయడం ఇందుకు సులువైన మార్గాలు. ఆహారం విషయానికొస్తే, రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అన్నం కొంత తగ్గించి పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కూరగాయలు పెంచడమే దీని సారాంశం. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ప్రొటీన్ పెంచేముందు, గుండె జబ్బు ఉన్నవారు వ్యాయామం ప్రారంభించేముందు వైద్యుని సలహా తీసుకోవాలి.

60 దాటినా ఆలస్యం కాలేదు

తూకం యంత్రం ఒక్కటే కొలమానం కాదు. భారతీయ పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన నడుము చుట్టుకొలతను ప్రమాద సూచికగా వైద్యులు పరిగణిస్తారు. కొద్దిపాటి తగ్గుదల కూడా పెద్ద ఫలితాన్నిస్తుంది. మధుమేహం వచ్చే ముప్పు ఉన్న 3,234 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 2002లో వెలువడింది. అందులో ఒక వర్గానికి 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ లక్ష్యాలుగా నిర్దేశించారు. ఆ వర్గంలో మధుమేహం 58 శాతం తక్కువగా నమోదైంది. 60 దాటినవారిలో ఈ తగ్గుదల 71 శాతం. యువకుల కంటే ఎక్కువగా లబ్ధి పొందింది పెద్దవారే.